ఖాళీ ట్యాంకు ఖాళీది కాదు

బేతంచెర్ల,
ఆదివారం రాత్రి.

అల్లునికి,

మధ్యాహ్నం ఫోనులో నువ్వు రెండు మాటలు చెప్పినావు. బోటు ఇంజిను బాగానే స్టార్టవుతోంది గానీ పది నిమిషాలు పోయేసరికి దగ్గి దగ్గి ఆగిపోతోందనేది ఒకటి. పాత ఇనుప ట్యాంకు అడుగున చెమ్మగిలుతోంది, గురువారం బేతంచెర్లకు తెచ్చి బండల పాలిష్ ఫ్యాక్టరీల దారిలో ఉండే వెల్డింగ్ షాపులో అతుకు పెట్టిస్తాననేది రెండోది. "భయం లేదులే మామా, ట్యాంకు ఖాళీదే, చుక్క లేకుండా వంచేసినా" అన్నావు. మొదటి మాటకు నవ్వుకున్నాను. రెండో మాటకు నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. చెప్పబోయేసరికి సిగ్నలు పోయింది. మళ్లీ కలిపితే నువ్వు ఎత్తలేదు. అందుకే రాస్తున్నా. పొద్దున్నే నీ మరదలు దీన్ని పేజీ పేజీ ఫోటో తీసి నీకు పంపుతుంది. నా రాత కోడిగీతలని నీకు తెలుసు గదా, ఓపిగ్గా చదువు.

గురువారం ఆ ట్యాంకును వెల్డింగ్ షాపుకు తీసుకుపోవద్దు. తక్కినదంతా చదవకపోయినా ఈ ఒక్క ముక్క చదువు.

పెట్రోలు మండదు అబ్బీ, పెట్రోలు ఆవిరి మండుతుంది. ఈ రెండింటికీ తేడా తెలియకనే చానామంది చేతులు కాల్చుకున్నారు, నాతో సహా. ఆ ఆవిరికి వేడి అక్కర్లేదు. సున్నాకు దిగువన 40 డిగ్రీల చలిలో కూడా అంటుకునేంత ఆవిరి పెట్రోలు మీద లేస్తుంది. మనకు మే నెలలో 42, 43 డిగ్రీలు మామూలు. ఇక ఎంత లేస్తుందో నువ్వే అనుకో. అయితే ఆవిరి ఉన్నంత మాత్రాన అంటుకోదు. గాలిలో నూటికి ఒకటిన్నర పాలు మొదలుకొని ఏడున్నర పాలదాకా ఆవిరి కలిసినప్పుడే మంట. అంతకు తక్కువైతే చాలదు, ఎక్కువైతే గాలి చాలదు. ఇప్పుడు ఆలోచించు. నిండు ట్యాంకులో పైన ఉండే కాస్త జాగాలో గాలికంటే ఆవిరే ఎక్కువ. వంచేసిన ట్యాంకులోకి గాలి దూరుతుంది. అతుకుల్లో, తుప్పు పొరల్లో ఇంకిన నాలుగు చుక్కలు ఆవిరై ఆ గాలిలో కలుస్తాయి. పాతిక లీటర్ల ట్యాంకు పేలడానికి సరిపడా ఆవిరి కావాలంటే ఒకటి రెండు మిల్లీలీటర్ల పెట్రోలు చాలు. అంటే అర చెంచా కూడా కాదు. నువ్వు ఎంత వంచినా అంతమాత్రం లోపల మిగులుతుంది. నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకే పెద్ద బాంబు అని వెల్డింగ్ పనిలో తల పండినోళ్లకు తెలుసు. కొత్తగా రాడ్డు పట్టిన పిల్లోనికి తెలియదు. నువ్వు "ఖాళీదే అన్నా" అంటే వాడు నమ్ముతాడు.

మీ జేజినాయన కాలంలో జొన్నలు పాతరలో పోసేవాళ్లు. నువ్వు పాతర చూసినావో లేదో. ఇంటి ముందరనో కల్లంలోనో మనిషి నిలువుకు మించిన గుంత, మూతి చిన్నది, లోపల కుండలాగా వెడల్పు. గడ్డి పరిచి జొన్నలు పోసి బండ మూసి మట్టి మెత్తేవాళ్లు. పాతర తీసేనాడు బండ తొలగించిన వెంటనే ఎవరినీ దిగనిచ్చేవాళ్లు కాదు. మూతి తెరిచి చానాసేపు అట్లే వదిలేవాళ్లు. తర్వాత తాడుకు దీపం కట్టి దించేవాళ్లు. దీపం ఆరిపోతే లోపల చెడ్డగాలి ఉందని లెక్క. గింజలు వదిలిన ఆ గాలి మామూలు గాలికంటే బరువు. అది అడుగున కూర్చుంటుంది, ఎవరూ ఊదకపోతే కదలదు. తొందరపడి దిగినోడు లోపలే కూలిపోయేవాడు, వాణ్ని తీయబోయినోడు వాని మీద కూలేవాడు.

పెట్రోలు ఆవిరి గాలికంటే మూడు నాలుగింతల బరువు. నీ బోటు అడుగు ఒక పాతర. బోటు నీళ్లను లోపలికి రానియ్యకుండా కట్టిన పాత్ర. నీళ్లు రాలేని చోటు నుంచి ఆవిరి కూడా పోలేదు. రోడ్డు మీద మోటారు సైకిల్ ట్యాంకు కారితే ఆవిరి నేల మీద పారి గాలికి పోతుంది. బోటులో కారితే పలకల కింద, బ్యాటరీ పక్కన, కాళ్ల దగ్గర గుట్టుగా కూర్చుంటుంది. ఒకే ఒక్క తేడా, పాతరలో దీపం దించి చూసేవాళ్లు, బోటులో దీపం దించితే చూసినోడు మిగలడు. అందుకే బోటు పాతరను ముక్కుతో చూడాలి. పలక ఎత్తి, వంగి, అడుగుకు ముక్కు ఆనించి వాసన చూడు. నిలబడి చూస్తే తెలియదు. ఇంకోటి, అరగంట పెట్రోలు దగ్గర పని చేసిన ముక్కు చచ్చిపోతుంది, దానికి ఏ వాసనా అందదు. అప్పుడు ఒడ్డు మీది నుంచి ఎవరినైనా పిలిచి చూపించు. బోటు ఎక్కిన ముసలమ్మ ఎవరైనా కొంగు ముక్కుకు పెట్టుకొని "ఏందో వాసన నాయనా" అంటే నవ్వొద్దు. ఆ ముక్కు నీ ముక్కుకంటే తాజాది.

ఇక పది నిమిషాలకు ఆగిపోయే ఇంజిను సంగతి. మీ అత్త కొత్త నూనె డబ్బా తెరిచేటప్పుడు ఏం చేస్తుందో ఎప్పుడైనా గమనించినావా? ఒక మూల బెజ్జం పొడిచి ఊరుకోదు, ఎదురు మూల ఇంకో చిన్న బెజ్జం పొడుస్తుంది. అది లేకుంటే నూనె రెండు గుక్కలు కారి నిలబడిపోతుంది. బయటికి పోయిన నూనె జాగాలోకి గాలి రావాలి గదా. నీ పెట్రోలు ట్యాంకు మూత మీద చిన్న స్క్రూ ఒకటుంటుంది, అదే ఆ రెండో బెజ్జం. నువ్వు దాన్ని తెరవకుండా బయల్దేరుతున్నావని నా అనుమానం. ఇంజిను లాగినంత లాగి, ట్యాంకులో గాలి పలచబడి, ఇక లాగలేక దగ్గుతుంది. అప్పుడు నువ్వు మూత తిప్పి లోపల పెట్రోలు ఉందా అని చూస్తావు. ఆ చూడటంలో బుస్సుమని గాలి దూరుతుంది. మళ్లీ స్టార్టవుతుంది. "ఏందో మామా, దానంతట అదే బాగైపోతాది" అన్నావే, అది ఇదే.

ఆ అనుమానం సరైందో కాదో రబ్బరు బల్బు చెబుతుంది. ట్యాంకుకూ ఇంజినుకూ మధ్య పైపులో నిమ్మకాయకు పెద్దదిగా, మామిడికాయకు చిన్నదిగా ఉండేదే ఆ బల్బు. ఇంజిను దగ్గడం మొదలుపెట్టిన క్షణంలో దాన్ని చూడు. చప్పిడిపడి లోపలికి అతుక్కుపోయి ఉంటే ట్యాంకు వైపు అడ్డు ఉన్నట్టు. మూత స్క్రూ మూసుకొని ఉండొచ్చు, లేదంటే ట్యాంకులో దిగే గొట్టం చివర జల్లెడలో చెత్త పట్టి ఉండొచ్చు. బల్బు మెత్తగా ఉండి, నువ్వు నొక్కుతున్నంతసేపూ ఇంజిను నడిచి, చెయ్యి తీస్తే ఆగిపోతే అది వేరే జబ్బు. పైపు ఎక్కడో గాలి పీలుస్తోంది, లేదా ఇంజిను లోపల పెట్రోలు పంపు డయాఫ్రం పల్చబడింది. బల్బు గట్టిగానే ఉండి ఇంజిను ఆగిందా, పెట్రోలు దారిని వదిలేసి కార్బరేటరు వైపో, కరెంటు వైపో చూడు. వెయ్యి రూపాయల మెకానిక్కు చెప్పేది ఆ బల్బు నీకు ఉత్తినే చెబుతుంది.

వెనకటి చిన్న బోటు ఇంజిన్లకు ట్యాంకు ఇంజిను నెత్తి మీదే ఉండేది. పెట్రోలు తనంతట తానే కిందికి దిగేది. ఇప్పుడు ట్యాంకు నీ కాళ్ల దగ్గర, ఇంజిను దానికంటే ఎత్తులో. పంపు పైకి పీల్చుకోవాలి. పీల్చే పైపుకు గుండుసూదంత పగులున్నా పెట్రోలు కారదు, గాలి లోపలికి పోతుంది. అందుకే ఇంజిను నడుస్తున్నప్పుడు ఎక్కడా తడి కనపడదు, అయినా ఆగిపోతుంది. ఆపి బల్బు గట్టిగా నొక్కితే అప్పుడు ఆ పగులులో పెట్రోలు బొట్టు కడుతుంది. రోజూ పొద్దున జనం ఎక్కకముందు ఇట్లా నొక్కి, పైపు పొడుగునా పొడి వేళ్లతో నిమిరి చూడు. రెండు కొసల్లో ఉండే కనెక్టర్ల లోపల చిన్న రబ్బరు రింగు ఉంటుంది, పది రూపాయల వస్తువు. బోట్లు నడిమధ్యలో ఆగడానికి నేను చూసినంతలో సగం కారణం అదే. బల్బు మీద బాణం గుర్తు ఇంజిను వైపే ఉండాలి. నొక్కేటప్పుడు బాణం ఆకాశానికి చూసేటట్టు నిలువుగా పట్టుకుంటే లోపలి వాల్వులు సరిగ్గా పని చేస్తాయి. ఈ చిన్న సంగతి నాకు ఎవరూ చెప్పలేదు, ఆరేళ్లు అడ్డంగానే నొక్కినాను.

స్క్రూ తెరవమన్నాను గదా అని ఎప్పుడూ తెరిచే ఉంచొద్దు. బోటు కట్టేసి ఇంటికి పోయేటప్పుడు, ట్యాంకును ఆటోలో వేసేటప్పుడు బిగించు. అయితే ఎండలో పెట్టొద్దు. పెట్రోలు వేడికి ఉబ్బుతుంది. 20 డిగ్రీలు పెరిగితే పాతిక లీటర్లు ఇంచుమించు అర లీటరు పెరుగుతుంది. పొద్దున బంకులో మూతిదాకా పట్టించి మధ్యాహ్నం ఎండలో పెడితే ఆ అర లీటరు ఎక్కడికి పోవాల? ట్యాంకులో పదో వంతు ఎప్పుడూ ఖాళీ వదులు. బంకు పిల్లోడు "ఫుల్లు కొట్టమంటావా అన్నా" అంటాడు, వద్దను.

నా కుడి మోచేతి కింద మచ్చ ఉంది గదా, గంజి పడిందని మీ అమ్మకు చెప్పినాను. అది గంజి కాదు. శ్రీశైలం వెనక నీళ్లలో నేను బోటు పనికి చేరిన రెండో ఎండాకాలం. అంతకుముందు పన్నెండేళ్లు ఇక్కడే బండల గనుల్లో నీళ్లు తోడే డీజిల్ ఇంజిన్లతో వేగినోణ్ని, ఇంజిను అంటే నాకు తెలియందేముందిలే అనే పొగరు. ఆ పొద్దు ట్యాంకును బోటులోనే పెట్టి క్యానుతో పోసినాను. గరాటా జారి ఒక గ్లాసుడు పలకల మీద ఒలికింది. గుడ్డతో తుడిచినాను. పైన ఆరిపోయింది. పలకల సందుల్లో నుంచి కిందికి దిగింది నాకు కనపడలేదు. గుడ్డను కూడా అక్కడే బెంచీ కింద పడేసినాను. అరగంట తర్వాత బ్యాటరీ వైరు వదులుగా ఉందని బిగించబోతే చిటుక్కుమంది. శబ్దం పెద్దగా రాలేదు. ఎవరో పెద్ద దుప్పటి విదిలించినట్టు 'బుఫ్' అని నీలిమంట లేచి పోయింది. కనుబొమలు పోయినాయి, చేతి మీద తోలు లేచింది. జనం ఇంకా ఎక్కలేదు. అది నా తెలివి కాదు, వాళ్ల బస్సు ఆలస్యమైంది, అంతే.

అందుకే చెబుతున్నా, మోసుకుపోయే ట్యాంకును బోటులో నింపొద్దు. ఒడ్డుకు తీసుకుపోయి నేల మీద పెట్టి నింపు. బంకులో కూడా అంతే, ఆటో వెనక రబ్బరు మ్యాటు మీదనే పెట్టి పట్టించుకోవద్దు, కిందికి దించి నేలకు ఆనించు. పెట్రోలు పైపులో పారేటప్పుడు స్థిర విద్యుత్తు పుడుతుంది. నేలకు ఆనితే అది నేలలోకి పోతుంది. నాజిల్‌ను ట్యాంకు మూతికి తగిలించే ఉంచు, ఎత్తున పట్టుకొని ధారగా పోయొద్దు. ఆత్మకూరు బంకు నుంచి సంగమేశ్వరం రేవుకు మీవాళ్లు నీళ్ల క్యాన్లలో, కూల్‌డ్రింకు సీసాల్లో తెస్తారని విన్నాను. 1934 నాటి పెట్రోలియం చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా సొంత వాడకానికి ఉంచుకోగలిగింది 30 లీటర్లే. అది కూడా బిగుతు మూత ఉన్న పాత్రలో. గాజుదైతే లీటరు, లోహపుదైతే 25 లీటర్లు దాటకూడదు. ప్లాస్టిక్ నీళ్ల క్యాను ఆ లెక్కలో లేదు. చట్టం సంగతి అట్లుంచు, దాహమై వచ్చిన పసిబిడ్డకు కూల్‌డ్రింకు సీసాలో ఉన్నది ఏందో ఎట్ల తెలుస్తుంది?

నోటితో పైపు పీల్చి పెట్రోలు తీసే అలవాటు ఒకటుంది మనకు. బేతంచెర్లలో మోటారు సైకిల్ ఉన్న ప్రతివాడూ ఒక్కసారైనా పీల్చినోడే. కడుపులోకి పోయిన దానికంటే ఊపిరితిత్తుల్లోకి జారిన రెండు చుక్కలు ప్రమాదం. న్యుమోనియా లాంటి జబ్బు తెస్తాయి. ఎవరైనా మింగితే వాంతి చేయించొద్దు, వాంతిలో మళ్లీ ఊపిరితిత్తుల్లోకే పోతుంది. నేరుగా ఆసుపత్రికి పోవాల. చేతి పంపు నూరు రూపాయల్లో దొరుకుతుంది, కొను.

నీది టూస్ట్రోక్ ఇంజిను గదా, పెట్రోలులో ఆయిలు కలపాలి. ఇంజినుతో వచ్చిన పుస్తకంలో రాసినదే లెక్క. చానావాటికి 50కి 1, అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, పాతికకు అర లీటరు. కొత్త ఇంజినుకు మొదటి కొన్ని గంటలు దీనికి రెట్టింపు. లెక్క తెలియనోడు "ఇంకొంచెం పడితే మంచిదేలే" అని పోస్తాడు, ప్లగ్గు మసిబారుతుంది. తక్కువ పోస్తే పిస్టను పట్టేస్తుంది, బాగుచేసే ఖర్చు ఒక సీజను సంపాదన. కంటితో పోయొద్దు, గీతలున్న సీసా పెట్టుకో.

పెట్రోలు కూడా మన చిన్ననాటిది కాదిప్పుడు. అయిదో వంతు ఇథనాల్ కలిసిన పెట్రోలు 2023 నుంచి బంకుల్లోకి వచ్చింది. ఇథనాల్‌కు నీళ్లంటే ప్రాణం, గాలిలో తేమను కూడా పీల్చుకుంటుంది. మోతాదు దాటితే నీళ్లూ ఇథనాలూ జట్టుకట్టి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు చేరతాయి. ట్యాంకులో గొట్టం పీల్చేది అడుగు నుంచే. కాబట్టి ఇంజినుకు ముందు అందేది ఆ కషాయమే. కారులో ట్యాంకు మూసి ఉంటుంది, నీ ట్యాంకేమో మూతకు బెజ్జం ఉండి రాత్రింబగళ్లు నీళ్ల మీద తేలుతోంది. నెలల తరబడి నిల్వ పెట్టొద్దు. నీళ్లు తక్కువై బోటు కట్టేసే రోజుల ముందు పైపు ఊడదీసి కార్బరేటరులో ఉన్నదంతా ఇంజిను తాగి ఆగేదాకా నడుపు. ట్యాంకుకూ ఇంజినుకూ మధ్య నీళ్లు వేరుచేసే ఫిల్టరు ఒకటి పెట్టించు. ఆ పాత నల్లపైపు ఇథనాల్‌కు ఆగదు. గోటితో నొక్కి చూడు, జిగటగా ఉన్నా, ఎండిన బెండకాయలాగా పెళుసుగా ఉన్నా మార్చు. గ్యాసు పొయ్యి పైపు, నీళ్ల పైపు తెచ్చి తగిలించొద్దు. పెట్రోలు పైపు అని అడిగి తీసుకో. బైండింగ్ వైరుతో చుట్టొద్దు, అది రబ్బరును కోస్తుంది, స్క్రూ క్లిప్పులు పెట్టు. ఫిల్టరులో నుంచి తీసిన మురికి పెట్రోలును కృష్ణలో పారబోసినావంటే మాత్రం నేను నిన్ను క్షమించను. ఆ నీళ్లే బానకచర్ల దగ్గర మలుపు తిరిగి, ఎస్సార్బీసీ కాలువలో గోరుకల్లు మీదుగా మన అవుకుకు వస్తున్నాయి.

అవుకు అంటే గుర్తొచ్చింది. 2023 మేలో అక్కడ రిజర్వాయరులో బోటు మునిగి ప్రాణాలు పోయినప్పటి నుంచి మీ అమ్మకు బోటు అనే మాట వింటేనే దడ. నువ్వు సంగమేశ్వరం రేవులో పనికి కుదిరినావని నేను ఆమెకు చెప్పేసరికి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. లైఫ్ జాకెట్ల సంగతి, ఎంతమందిని ఎక్కించుకోవాలనే సంగతి వేరే రాస్తా, అదొక పెద్ద పంచాయితీ. 2021లో వచ్చిన లోతట్టు నౌకల చట్టం కింద నీ బోటుకు సర్వే సర్టిఫికెట్టు, రిజిస్ట్రేషను ఉండాలి. ఉన్నాయా అని ఓనరును అడుగు. అడిగితే కోపమొచ్చే ఓనరు అయితే వేరే పని చూసుకుందాం.

పెద్ద లాంచీలకు మారతానని అంటున్నావు. అక్కడ డీజిల్, ఇంజిను బోటు కడుపులో ఉంటుంది. గాలి పట్టిన డీజిల్ లైనుకు గాలి తీయడం నీకు నేర్పక్కర్లేదు, బండల గనిలో పుట్టి పెరిగినోనివి. కానీ డీజిల్ అంటుకోదులే అనే ధీమా వద్దు. మన దేశపు లెక్కలో డీజిల్‌కు కనీసం 35 డిగ్రీల దాకా అంటుకునే ఆవిరి లేవకూడదు. మన ఎండాకాలంలో 35 అంటే పొద్దున పది గంటలు! ఇంజిను గదిలో ఇంకా ఎక్కువ. పైపు పగిలి సన్నటి తుంపరగా కాలుతున్న సైలెన్సరు గొట్టం మీద పడిందా, డీజిలూ పెట్రోలూ ఒకటే. 2023 నవంబరు 19 రాత్రి విశాఖపట్నం ఫిషింగ్ హార్బరులో ఒక్క బోటుతో మొదలై దాదాపు 40 బోట్లు కాలినాయి. పక్కపక్కన కట్టేసిన బోట్లు, వాటిలో డీజిలు, వంటకు పెట్టుకున్న గ్యాసు సిలిండర్లు. ఒక్కొక్కటి మత్స్యకారుల జీవితకాలపు అప్పు.

బోటు కడుపులో పెట్రోలు ఇంజిను ఉంటే స్టార్టు చేసే ముందు గాలి తోడే ఫ్యాను నాలుగు నిమిషాలు నడపాలి. పాతర మూత తెరిచి వదిలినట్టే ఇది. ఫ్యాను నడిపినా ముక్కు పెట్టి చూసిన తర్వాతనే తాళం తిప్పు. జీపు నుంచి పీకిన సెల్ఫ్ మోటారు, డైనమో తెచ్చి అలాంటి బోటుకు బిగిస్తారు కొందరు చవగ్గా వస్తాయని. రోడ్డు బండి సామానులో లోపల రవ్వలు ఎగురుతూనే ఉంటాయి, కింద గాలి ఆడుతుంది కాబట్టి అక్కడ ఏమీ కాదు. బోటు సామానును రవ్వ బయటికి రాకుండా మూసి కడతారు. ధర తేడా దానికే.

నిప్పు లేస్తే ఏం చెయ్యాలి? ఇంజిను ఆపు, ట్యాంకు పైపు కనెక్టరు పీకు, జనాన్ని గాలి వచ్చే వైపుకు పంపు. నీళ్లు పొయ్యొద్దు, పెట్రోలు నీళ్ల మీద తేలుకుంటూ మంటను మోసుకొని పోతుంది. పొడి చల్లే ఫైర్ సిలిండరు నీ చేతికి అందేటట్టు ముందు భాగాన ఉండాలి, ఇంజిను పక్కన కాదు. మంట నెత్తి మీద కొట్టొద్దు, మొదలు మీద కొట్టు. సిలిండరు మీటరు ముల్లు ఆకుపచ్చ రంగులో ఉందా అని వారానికోసారి చూడు. ఫైబరు బోటు అంటుకుంటే ఎక్కువసేపు టైము ఇవ్వదు. 2018 మేలో గోదావరి మీద పాపికొండలకు పోతున్న టూరిస్టు బోటుకు దేవీపట్నం దగ్గర నిప్పంటుకుంటే, ఒడ్డుకు చేర్చినందుకు అందరూ బతికినారు. సరంగుకు ఒడ్డు ఏ వైపు దగ్గరో ఎప్పుడూ తెలిసి ఉండాలి. సంగమేశ్వరం దగ్గర ఈ లెక్క నెల నెలకూ మారుతుంది, నీళ్లు నిండినప్పుడు గుడి మునిగి సముద్రమే, ఎండాకాలం గుడి తేలి ఒడ్డు దగ్గరవుతుంది.

పెట్రోలు లెక్క కూడా నీళ్లను బట్టే. మూడో వంతు పోవడానికి, మూడో వంతు రావడానికి, మూడో వంతు ముట్టకూడదు. సోమశిల వైపు పోయేటప్పుడు గాలి వెనక నుంచి తోస్తే సగంలో సగం కూడా కాలలేదనిపిస్తుంది. సాయంత్రం అదే గాలి ఎదురై అలలు లేస్తే పోయినదానికి రెట్టింపు తాగుతుంది. 40 హార్స్‌పవర్ టూస్ట్రోక్‌ను పూర్తిగా తిప్పితే గంటకు పదిహేడు, పద్దెనిమిది లీటర్లు ఇట్టే పోతాయి. ముప్పావు వేగంతో పో, జనం కూడా ఫోటోలు తీసుకుంటారు. ట్యాంకు ఖాళీ అయ్యి నడినీళ్లలో క్యాను నుంచి పోసుకోవడం, అదీ జనాన్ని కూర్చోబెట్టుకొని, ఆ పని చేసే గతి నీకు రాకూడదు.

పొగ గురించి ఒక్క మాట. బాయిలో ఆయిలింజిను పెట్టి నడుస్తుండగా దిగినోళ్లు ఎంతమంది పోయినారో మన సీమలో ప్రతి ఊరికీ ఒక కథ ఉంటుంది. ఎండకని బోటుకు చుట్టూ టార్పాలిను కట్టినావంటే వెనక నుంచి ఇంజిను పొగ లోపలికే వస్తుంది. వెనక సీటులో వాళ్లు తలనొప్పి, వాంతి అంటే అలలు పడలేదనుకోవద్దు, ముందు పరదా ఎత్తు.

రాత్రి పదకొండు దాటింది. మీ అత్త లైటు ఆపమంటోంది. ఇక ఆ ఇనుప ట్యాంకు సంగతి చెప్పి ముగిస్తా.

దానికి అతుకు వద్దు. అడుగున చెమ్మగిల్లిన ఇనుము లోపలి నుంచి తుప్పు తిన్నది, ఇవాళ ఒకచోట మూస్తే రేపు పక్కన కారుతుంది. ఎమ్‌సీలు, సబ్బుముక్కలు పూసేది కూడా వద్దు. కొత్త ట్యాంకు ఖర్చు ఓనరు ఇయ్యనంటే సగం నేను పెట్టుకుంటా, మీ అమ్మకు చెప్పొద్దు. పాతదాన్ని ఊరికే మూలన పడేస్తే పాత సామాన్లవాడు కిలో లెక్కన కొనుక్కొని గ్యాసు కట్టరు పెడతాడు, నీకు తెలియకుండానే ఇంకొకరి ఇంట్లో ఏడుపు. రేపు పొద్దున్నే ఒడ్డుకు, పొయ్యికీ బీడీకీ దూరంగా తీసుకుపో. మూతలు, కనెక్టరు అన్నీ తీసి, మూతిదాకా నీళ్లు నింపి, నీడలో పెట్టు. నీళ్లున్నంత జాగాలో ఆవిరికి చోటుండదు. ఆ నీళ్లను నదిలోకి వంచొద్దు. పలుగురాయో, బొగ్గో దొరికితే దాంతో ట్యాంకు మీద పెద్ద అక్షరాలతో 'పెట్రోలు ట్యాంకు, మంట పెట్టొద్దు' అని రాయి. చదువు రానోని కోసం ఒక మంట బొమ్మ గీసి కొట్టెయ్యి. గురువారం నువ్వు రావొద్దు, నేనే వస్తాను. నంద్యాల మీదుగా ఆత్మకూరు బస్సు పట్టుకుంటే మధ్యాహ్నానికి చేరతా. కొత్త పైపు, రెండు రబ్బరు రింగులు ఇక్కడే కొని తెస్తా. ఇంజిను పక్కనుండే కనెక్టరు ఫోటో ఒకటి తీసి పంపు, సైజు తప్పితే మళ్లీ బేతంచెర్లకు రావాల్సి వస్తుంది.

ఇట్లు,
మీ మామ